మొదటి బంతికి పరుగెత్తిన భూలోకం

మా అల్లుడు తీసిన సినిమాను నేను వెనకేసుకొస్తున్నానంటే మా వాళ్లు ఇప్పటికీ నమ్మరు. వాళ్ల తప్పేమీ లేదు. ఒకే గదిలో రెండు ఫ్యాన్లు తిరుగుతుంటే లేచి ఒకటి ఆపేసే మనిషిని నేను. సినిమా హాలుకు పోవడమంటే చీకట్లో కూర్చోవడానికి డబ్బులివ్వడమని నా అభిప్రాయం. చీకటి మా ఇంట్లో ఊరికే దొరుకుతుంది. చదువా, నాలుగో తరగతితో ఆగింది. తర్వాత బడి మానిపించి బర్రెల వెంట పంపారు. అందుకని ఒక సినిమా మంచిదో చెడ్డదో చెప్పడానికి నాకున్న అర్హత ఒక్కటే, దండగ ఖర్చు ఎక్కడున్నా నా కంటికి కనబడుతుంది. ఆ కంటితో చూస్తే ఇంత మంచి సినిమా నేను ఇంకోటి చూడలేదు. అసలు చూసినవే తక్కువనుకోండి.

మాది సూర్యాపేట. అమ్మాయిని కోదాడకు ఇచ్చాం. అల్లుడికి అక్కడ ఫోటో స్టూడియో ఉంది. చుట్టుపక్కల పెళ్లయినా, ఓణీల ఫంక్షనైనా వీడియో ఆయనే తీస్తాడు. మంచివాడు. అయినా పెళ్లయిన నాటి నుంచి ఆయనతో నేను నేరుగా మాట్లాడలేదు. మా అత్తగారి కాలంలో అల్లుడు వస్తే అత్త తలుపు చాటుకు పోయేది. నాకు లేచి చాటుకు పోయే ఓపిక లేక, ఎదురుగానే కూర్చుని మాటలు మాత్రం మా అమ్మాయితో చెబుతాను.

"మీ ఆయనను ఇంకొంచెం పప్పు వేసుకొమ్మను."

"వేసుకున్నానండి అత్తయ్యగారూ" అంటాడు ఆయన, కంచం ముందు కూర్చుని.

"కడుపు నిండ తినుమను" అంటాను మళ్లీ అమ్మాయి వైపే తిరిగి.

ఇట్లాగే ఏళ్లు గడిచాయి. ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు.

సినిమా సంగతి కూడా నా దగ్గరికి అట్లాగే వచ్చింది. ఒకసారి ఇద్దరూ మా ఇంటికి వచ్చినప్పుడు అమ్మాయి అంది, "అమ్మా, ఆయనకు మన పెద్ద ఇత్తడి తాంబాళాలు రెండు కావాల్నట."

"ఏం జేస్తడట?"

"ఒకదాని మీద ఒకటి బోర్లిచ్చి ఆకాశం నుంచి దిగే ఓడ జేస్తడట. సినిమా తీస్తున్నడు."

"ఓడ దిగినంక తాంబాళాలు తిరిగిస్తడా?"

ఆయన పక్కనే నిలబడి ఉన్నాడు. "ఇచ్చేస్తానండి" అన్నాడు.

"సొట్టలు వడకుండ తెమ్మను" అన్నాను అమ్మాయితో.

సొట్టలు పడకుండానే తెచ్చాడు. చింతపండు పెట్టి తోమించి కూడా తెచ్చాడు. ఆయన మీద నాకు మొదటిసారి గౌరవం కలిగింది అప్పుడే. సినిమా తీస్తున్నందుకు కాదు, తోమినందుకు.

ఆ సినిమా ఆయన మూఢాల్లో, ఆషాఢంలో, ముహూర్తాలు లేని రోజుల్లో తీశాడు. ముహూర్తాలుంటే పెళ్లిళ్లకు పోవాలి కదా. ఏ మంచిరోజూ చూడకుండా తీసిన సినిమా ప్రపంచంలో ఇదొక్కటే అయి ఉంటుంది. కథ నాకు అర్థమైనంత వరకు చెబుతాను. పై లోకం వాళ్లు భూమిని ఆక్రమించుకుందామని వస్తారు. వచ్చి వచ్చి వడ్ల కొనుగోలు కేంద్రం దగ్గర దిగుతారు. ముందు జనం భయపడి పరుగెత్తుతారు. కాంటా దగ్గరున్న మనిషి మాత్రం కదలడు. భూమి కావాలంటే టోకెన్ తీసుకుని వరుసలో నిలబడమంటాడు. వాళ్ల నాయకుడి వంతు వచ్చేసరికి తేమ చూసే మిషన్ ఆయనకు పెట్టి, "తేమ ఎక్కువున్నది, ఆరవెట్టుకొని రాపో" అంటాడు. ఆ నాయకుడు వేములపల్లి దగ్గర రోడ్డు మీద, ఎండబోసిన వడ్ల పక్కన పట్టా పరుచుకుని తాను ఎండుతుంటాడు. వడ్లను కాలితో తిరగేస్తూ పోయే ఒక ముసలామె ఆయనను కూడా ఇటు నుంచి అటు తిరగేసి పోతుంది. చివరికి వాళ్లంతా భూమి సంగతి మరిచి, లారీ ఎప్పుడొస్తుందో అని మన వాళ్లతో పాటు బస్తాల మీద కూర్చుని ఎదురుచూస్తారు.

వాళ్ల బట్టలు కార్లకు కప్పే వెండిరంగు కవర్లు కోసి కుట్టించినవి. కళ్లు చాయ్ వడపోసే జాలీలు. అందులో రెండు మా ఇంటివే. షూటింగ్ అయ్యాక కడుక్కుని మళ్లీ చాయ్ వడపోసుకున్నాను. ఓడ కింద వచ్చే పొగ మిర్యాలగూడలో మా మరిదిగారి రైసు మిల్లు బాయిలరుది. ఎట్లాగూ గాల్లోకి పోయే పొగ. ఒక్క వస్తువు పారేసింది లేదు. ఇంత పొదుపుగా సంసారం చేసేవాళ్లు కూడా ఉండరు.

మొదటి ఆట కోదాడలో వేశారు. శుక్రవారం నుంచి సూర్యాపేటలో, మిర్యాలగూడలో కూడా వేస్తామని ఒప్పుకున్నారు. ఆ మూడు ఊళ్లు తప్పితే సినిమా ఇంకెక్కడా ఆడే దారి లేదు. బయటివాళ్లెవరూ దాన్ని కొనలేదు. ఈ మూడు ఊళ్లలో నాలుగు రోజులు నిలబడితేనే ఇంకోటి తీస్తాననీ, లేకపోతే పెద్ద కెమెరా అమ్మేసి చచ్చేదాకా పెళ్లిళ్లే తీసుకుంటాననీ ఆయన మా అమ్మాయితో అన్నాడట. అమ్మాయి అది నాతో చెప్పి కళ్లు తుడుచుకుంది. నేను మాత్రం కెమెరా కొన్న ధరకు పోతుందా పోదా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. నా బుద్ధి అంత.

ఆ మొదటి ఆటకు కోదాడ హాలు నిండింది. టికెట్ కొన్నవాళ్లలో సగం మంది తమ వస్తువులు చూసుకోవడానికి వచ్చినవాళ్లే. వెండి కవరు మనిషి నడిచి రాగానే వెనక నుంచి ఎవరో, "ఒరే, ఆడు మన టైలర్ గాడు కదరా, నడక చూడు" అన్నారు. భూమిని ఆక్రమించుకోవడానికి వచ్చినవాణ్ణి ఇట్టే గుర్తుపట్టేస్తుంటే భయం ఎట్లా పుడుతుంది? నేను వెనక్కి తిరిగి గట్టిగా చూశాను. నా తాంబాళాలు ఆకాశంలో తిరుగుతున్నాయి. నిశ్శబ్దంగా ఉండాలి కదా.

తాంబాళాలు దిగాయి. పొగ కమ్మింది. అప్పుడు జనం పరుగు మొదలైంది. పెద్ద గుంపు. నాకు గుండె గుభేలుమంది. ఇంతమందికి కూలి ఎంత ఇచ్చి ఉంటాడో అని. తర్వాత చూస్తే అందరూ పట్టుచీరల్లో ఉన్నారు. కొందరి తలల్లో కనకాంబరాలు. వడ్ల కల్లం దగ్గరికి ఇంత మంచి బట్టలతో ఎవరొస్తారు అనుకున్నాను. అందరికన్నా ముందు ఒక ఆకుపచ్చ చీర మనిషి. ఆ చీర నాకూ ఉంది అనుకున్నాను. ఆమె ఒక చేత్తో కుచ్చెళ్లు పైకి పట్టుకుని, ఇంకో మోచేత్తో పక్కవాళ్లను తోస్తూ, దవడలు బిగించి, కళ్లు ముందుకు పెట్టి వస్తోంది. దారిలో ఒక పెద్దమనిషిని దాటింది, ఇద్దరు పిల్లల తల్లిని దాటింది, ఒక కుర్చీని దాటింది. ఎవరీమె, ఇంత సిగ్గులేకుండా, అని నేను మా అమ్మాయిని అడగబోయాను. అమ్మాయి కొంగు నోట్లో కుక్కుకుని వంగిపోయి ఉంది.

అది నేనే.

హాలంతా ఈలలు. పై లోకం వాళ్లను చూసి పరుగెత్తుతున్నట్టు ఉన్న నేను, నిజానికి మా మరిదిగారి కూతురి పెళ్లిలో మొదటి బంతికి పరుగెత్తుతున్నాను. పెళ్లిలో అన్నానికి కూర్చునే వరుసను మా దగ్గర బంతి అంటాం. మొదటి బంతిలో కూర్చుంటే మటన్‌లో మంచి ఎముకలు, మూలుగ బొక్కలు వస్తాయి. తర్వాతి బంతులకు పులుసు వస్తుంది. డైనింగ్ హాలు తలుపులు తీయగానే జనం లోపలికి ఉరికితే, అల్లుడు ఎదురుగా నిలబడి వీడియో తీశాడు. దాన్నే తెచ్చి ఇక్కడ అతికించాడు.

ఇంటికి వచ్చాక నేను చెప్పులు విడవకుండానే అమ్మాయితో అన్నాను, "నేనేం పాపం జేసిన్నో మీ ఆయనను అడుగు."

ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. "కూలికి మనుషుల్ని పెట్టి చూశానండి అత్తయ్యగారూ. వాళ్లు నవ్వుకుంటా పరిగెడుతున్నారు. ప్రాణం మీదికొచ్చినట్టు పరిగెత్తడం ఎవరికీ రాలేదండి. పెళ్లిళ్ల వీడియోలు తిరగేస్తుంటే మీ మొహం కనపడింది. ఆ పట్టుదల నేర్పితే వచ్చేది కాదండి."

"మరి ఆ కూలి?" అన్నాను అమ్మాయితో.

"మొత్తం మిగిలిందండి" అన్నాడు ఆయన.

నా కోపం సగానికి దిగింది. ఇక మిగతా సగం గురించి మాట్లాడే లోపల ఫోను వచ్చింది. మిర్యాలగూడ నుంచి మా మరిది.

మా మరిదికి మిల్లు ఉంది, ఊళ్లో మాట ఉంది. అక్కడి హాలు వాళ్లు, సూర్యాపేట హాలు వాళ్లు ఆయనకు దోస్తులు. సినిమా ఆపిస్తానన్నాడు. రెండు ఊళ్లలో ఆపితే కోదాడ వాళ్లు కూడా తీసేస్తారు. అల్లుడు ఫోను నా చేతికిస్తూ గోడకున్న కెమెరా సంచీ వైపు చూశాడంతే.

తెల్లారి ముగ్గురం హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ బస్సెక్కాం. ఆడవాళ్లకు బస్సు ఊరికే కాబట్టి నాకూ అమ్మాయికీ ఆధార్ కార్డు చూపిస్తే సరిపోయింది, ఆయనకే టికెట్. ఆ ఒక్క టికెట్టు ఖర్చు కూడా ఎందుకు, నువ్వూ నేనే పోయొద్దామని అమ్మాయితో అన్నాను. అమ్మాయి నా వైపు చూసిన చూపుకు నోరు మూసుకున్నాను.

మా మరిది మిల్లు ఆఫీసులో ఉన్నాడు. చాయ్ తెప్పించాడు. కోపంలో కూడా మర్యాద తప్పడు. అల్లుడు కంప్యూటర్ సంచీ ఒళ్లో పెట్టుకుని చాయ్ ముట్టకుండా కూర్చున్నాడు.

"ఏం వదినె, సినిమా మంచిగున్నదా?" అన్నాడు మా మరిది.

"మంచిగనే ఉన్నది. నీ మిల్లు గూడ మంచిగ వడ్డది."

"మిల్లు సంగతి తియ్యకు. నా బిడ్డ లగ్గం సంగతి జెప్పు. నిన్న రాత్రి సంది ఒకటే ఫోన్లు. దావత్ల కూడు సాల్లేదా, మంది గట్ల ఉరికిన్రు అని అడుగుతున్నరు. నేను ఎంత వెట్టిన, ఎట్ల వెట్టిన. నా ఇజ్జత్ ఏం గావాలె?"

"మంది ఉరికింది పై లోకపోళ్లను జూసి."

"ఎవడు నమ్ముతడు వదినె? అందరికంటె ముందట నువ్వున్నవ్. నువ్వు దేన్ని జూసి ఉరుకుతవో మన సుట్టాలకు ఎరుక లేదా?"

 నేను నాకు తెలిసిన దారిలోనే వాదించాను. ఎంత తక్కువలో తీశాడో చెప్పాను. కవర్ల సంగతి చెప్పాను, జాలీల సంగతి చెప్పాను.

"తక్కువల తీసిండు గాబట్టే నా పరువు తీసిండు. పైసలు వెట్టి మందిని దెచ్చుకుంటే నా బిడ్డ లగ్గం ఎందుకు గావాలె?" అన్నాడు.

అది నిజమే. పొదుపు ఎక్కడో ఒకచోట ఎదురు తిరుగుతుందని నాకు అప్పుడే తెలిసింది.

"గది సైన్స్ సినిమానట. దాన్ల సైన్స్ ఏడున్నది జర సెప్పు" అన్నాడు మళ్లీ.

"తేమ మిషను సైన్స్ గాదా? నువ్వు రోజూ దాన్ని వెట్టే గద వడ్లు కొనేది. రైతును నువ్వు తిప్పి పంపుతవ్. సినిమాల కాంటా ఆయన పై లోకపోన్ని తిప్పి పంపిండు. గంతే."

మా మరిది నవ్వు ఆపుకున్నాడు కానీ మాట మార్చలేదు.

అల్లుడు మెల్లగా అన్నాడు, "ఆ సీను తీసేస్తానండి చిన్నమావయ్యగారూ. అది లేకపోతే కథ కుంటుతుంది, అయినా తీసేస్తాను."

"ఇప్పుడు తీస్తే నిజమేనని ఒప్పుకున్నట్టు గాదా? సినిమానే లేకుంటే మాటనే ఉండదు. ఖతం జెయ్యి" అన్నాడు మా మరిది, ఫోను చేతిలోకి తీసుకుంటూ.

అల్లుడు సంచీ జిప్పు మూసుకున్నాడు. మూసింది సంచీయే అయినా, మా అమ్మాయి మొహం చూస్తే కెమెరా అప్పుడే అమ్ముడుపోయినట్టు అనిపించింది. నాకు ఒక్క ఉపాయం తోచింది. మంచి ఉపాయం కాదు. కానీ ఖర్చు లేనిది.

"అల్లుడు, గా కంప్యూటర్ తెరువు" అన్నాను.

ఆయన వెనక్కి తిరిగి చూశాడు, ఇంకో అల్లుడెవరైనా లోపలికి వచ్చాడేమో అని. అమ్మాయి చాయ్ కప్పు బల్ల మీద పెట్టేసింది.

"నిన్నే. నేను ఉరికిన లగ్గాలు ఇంకేమన్న ఉన్నయా నీ తాన?"

"ఉన్నాయండి."

"ఎన్నుంటయి?"

ఆయన ఇబ్బందిగా కదిలాడు. "చాలా ఉన్నాయండి. మంచిది ఏరడానికని అన్నీ ఒకచోట పెట్టాను."

"పెట్టు. మీ చిన్నమావయ్యకు జూపెట్టు."

మొదట త్రిపురారంలో ఒక పెళ్లి. చలికాలం. శాలువా కప్పుకుని పరుగెత్తుతున్నాను. శాలువా పడిపోయింది, ఆగలేదు. ఆ శాలువా ఎక్కడ పోయిందో అని నేను ఏడాదంతా పనిమనిషిని అనుమానించాను. తర్వాత సూర్యాపేటలో ఓణీల ఫంక్షన్. ఓణీ కట్టిన పిల్లకు అక్షింతలు వేస్తూ వేస్తూనే తలుపు చప్పుడు విని, చేతిలో మిగిలిన అక్షింతలు పక్కామె నెత్తిన వేసి పరుగు. ఇంకో పెళ్లిలో మోకాళ్ల నొప్పులకు కర్ర పట్టుకుని వచ్చినదాన్ని, కర్ర చంకలో పెట్టుకుని పరుగు. ఎవరి దావత్ అయినా, ఏ ఊరైనా నా మొహంలో అదే పట్టుదల. దూరం నుంచి చూస్తే నిజంగానే ఏదో వెంటబడినట్టుంది.

మా మరిది ఫోను బల్ల మీద పెట్టి ముందుకు వంగాడు.

చివరిది మా అమ్మాయి పెళ్లి. ఆ రోజు అల్లుడు పీట మీద ఉంటే ఆయన దోస్తు కెమెరా పట్టాడు. పెళ్లికూతురి తల్లిని నేను. మగపెళ్లివారిని కూర్చోబెట్టి, వడ్డించి, అందరూ తిన్నాక చివర్లో తినాల్సినదాన్ని. వంటవాళ్లకు పైసలిచ్చింది కూడా మేమే. అయినా మగపెళ్లివారిని దాటుకుంటూ నేనే ముందు పోయి కూర్చుని ఆకు మీద నీళ్లు చల్లుకుంటున్నాను.

"అమ్మా, మా అత్తగారోళ్ల కంటె ముందు కూసున్నవా?" అంది అమ్మాయి. ఇన్నేళ్లకు తెలిసింది దానికి.

"పొద్దటి సంది ఏం తిన్లేదు" అన్నాను.

మా మరిది కుర్చీలో వెనక్కి వాలి నవ్వడం మొదలుపెట్టాడు. కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. "సొంత లగ్గంల గూడనా వదినె. నీ కూడు నిన్ను ఇడిసి ఏడికి వోతది?"

"గదే జెప్తున్న. నీ దావత్ల తక్కువై ఉరకలే. నేను ఉరకని దావత్ ఇన్ల ఒక్కటి లేదు. నీ బిడ్డ లగ్గంల ఉరకకుంట నడిసిపోయి ఉంటే, గప్పుడు అనుకోవాలె మంది, దావత్ మంచిగ లేదని. ఫోన్ జేసేటోళ్లకు గిట్లనే జెప్పు. మా వదినె గంతేనని జెప్పు."

"మరి నీ ఇజ్జత్?"

"నాదింక ఏమున్నది పోనీకి. సగం కోదాడ సూసింది."

ఆయన త్రిపురారం శాలువా ఇంకోసారి వేయించుకుని చూశాడు. తర్వాత అల్లుడి వైపు తిరిగాడు. "సరే, ఆపను. కని ఒక మాట. ఆ దినం నా తాన మటన్ మస్తు మిగిలింది. డేగిసాలు డేగిసాలు మిగిలింది. అది తీసినవా?"

"తీశానండి. వంటల దగ్గర కూడా తీస్తాం కదండీ."

"అయితే అది సినిమాల వెట్టు. మంది ఉరికిన ఎన్కనే, నిండ మటన్ ఉన్న డేగిసా గనపడాలె. అందరికి మంచిగ గనపడాలె."

"అక్కడ పై లోకం వాళ్లు దిగుతుంటారండి, మధ్యలో మటన్ అంటే..." అని అల్లుడు మొదలుపెట్టాడు.

"పెడ్తడు" అన్నాను నేను.

సినిమా ఆగలేదు. శుక్రవారం రెండు ఊళ్లలోనూ వేశారు. సూర్యాపేటలో ఇంకో వారం కూడా ఉంచారు. కెమెరా సంచీ గోడకే ఉంది. వచ్చే ఆషాఢంలో మళ్లీ ఏదో తీస్తాడట. కావాల్సిన సామాన్లు ఈసారి నన్నే నేరుగా అడిగాడు. నేను కూడా నేరుగానే, లేవని చెప్పాను.

మిర్యాలగూడలో మొదటి ఆటకు మా మరిది ముందు వరుసలో కూర్చున్నాడు. నేను నాలుగు వరుసల వెనక, తెలియని ఒకామె పక్కన. తాంబాళాలు దిగాయి. పొగ వచ్చింది. జనం పరుగెత్తారు, నేను అందరినీ తోసుకుంటూ వచ్చాను. ఆ వెంటనే, కారణం ఏమీ లేకుండా, అంచు దాకా మటన్ ఉన్న పెద్ద డేగిసా తెర నిండా వచ్చి నిలబడింది. ఒక గరిటె లోపలికి పోయి బయటికి వచ్చింది. తర్వాత మళ్లీ పై లోకం వాళ్లు. మా మరిది లేచి నిలబడి, అందరూ చూశారా లేదా అని హాలంతా ఒకసారి కలయచూసి కూర్చున్నాడు.

పక్కనామె నా వైపు వంగింది. "పెద్దమ్మా, నడుమ ఆ డేగిసా ఏందే? సమజ్ కాలే."

"పైనుంచి వచ్చేటోళ్లకు మన తాన ఏమున్నదో ముందుగాల గనపడాలె గద. ఊకెనే వస్తరా గంత దూరం?" అన్నాను. చెప్పాక నాకే అది నిజమనిపించింది. బాగా తీశాడు.

ఆమె తల ఊపింది. కాసేపు తెర వైపు చూసి, మళ్లీ నా మొహం వైపు చూసింది.

"ముందట ఉరికింది నువ్వేనా?"

"నేనే" అన్నాను.

ఆమె ఒళ్లో ఉన్న పాప్‌కార్న్ పొట్లాన్ని మెల్లగా అవతలి పక్కకు జరుపుకుంది.